మామయ్యతో నల్లమల నడక: నేను పోస్ట్ చేయని వీడియో

 

ఉగాదికి ముందు నేనొక షార్ట్ పెట్టా, గుర్తుందా? బ్యాగ్ సర్దుకుంటూ, "నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం వెళ్తున్నాం, ఫుల్ వీడియో త్వరలో" అని. ఆ ఫుల్ వీడియో రాలేదు. ఇక రాదు కూడా. ఎందుకు రాదో ఈ ఎపిసోడ్‌లో చెప్తా. ఈసారి మ్యూజిక్ లేదు, కట్స్ లేవు. కూర్చుని మాట్లాడుకుందాం, అంతే.

ఒక్క మాట ముందే చెప్పేస్తా. మీ ఇంట్లో షుగర్ టాబ్లెట్ వేసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, గుడికీ భక్తికీ మీకూ సంబంధం లేకపోయినా సరే, దీన్ని చివరిదాకా వినండి. ఇందులో ఉన్న సంగతంతా చెప్పడానికి మామయ్య పర్మిషన్ తీసుకున్నా. "నా పేరు మాత్రం చెప్పొద్దురా, డిపోలో ఏడిపిస్తారు" అన్నాడు. కాబట్టి ఈ కథలో ఆయన పేరు మామయ్య. మా అమ్మకి తమ్ముడు.

ముందు దారి గురించి చెప్పాలి. శ్రీశైలం అంటే మనకి తెలిసింది బస్సు, ఘాట్ రోడ్డు, డ్యామ్ దగ్గర ఫోటో. కానీ ఆ రోడ్లు రాకముందు మనుషులు అడవిలో నడిచే వెళ్లేవాళ్లు. ఆ దారుల్లో ఒకటి ఇప్పటికీ బతికుంది. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర వెంకటాపురం అనే ఊరుంది. అక్కడ అడవిలోకి దిగితే నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం, ఆ తర్వాత శ్రీశైలం. చాలామంది మధ్యలో పెచ్చెరువులో రాత్రి ఆగుతారు. దారిలో చాలాచోట్ల పాత రాతిమెట్లుంటాయి. కొండవీటి రెడ్డిరాజుల్లో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్ర చెప్తుంది. అది 14వ శతాబ్దం. అంటే ఆ ఎండలో ఆ రాళ్ల మీద మనకంటే ముందు ఏడొందల ఏళ్లుగా కాళ్లు కాల్చుకున్నవాళ్లు ఉన్నారన్నమాట.

ఇది టైగర్ రిజర్వ్. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. అందుకే ఏ రోజు పడితే ఆ రోజు వెళ్లడానికి కుదరదు. శివరాత్రికి, ఉగాదికి ముందు కొన్ని రోజులు ఫారెస్ట్‌వాళ్లు దారి తెరుస్తారు. శివరాత్రికి మనవాళ్లు ఎక్కువ. ఉగాదికి మాత్రం ఆ అడవి మొత్తం కన్నడమే మాట్లాడుతుంది. ఉత్తర కర్ణాటక నుంచి వేలమంది, వాళ్ల ఊళ్ల నుంచే నడుచుకుంటూ వస్తారు. వందల కిలోమీటర్లు. చాలామంది కాళ్లకి చెప్పుల్లేకుండా. కొంతమంది కట్టెకాళ్ల మీద నడుస్తూ వస్తారు, నమ్మండి. భ్రమరాంబ వాళ్లకి ఇంటి ఆడపడుచు. పండక్కి పుట్టింటివాళ్లు చీర, గాజులు తీసుకెళ్తారు కదా, అలా తీసుకొస్తారు. ఇంకోపక్క ఆ అడవిలో ఉండే చెంచులు మల్లన్న మా అల్లుడు అంటారు. చెంచు పిల్లని చేసుకున్నాడని వాళ్ల కథ. అంటే ఒకరికి కూతురు, ఒకరికి అల్లుడు. ఆ కొండ మీద దేవుళ్ల కంటే చుట్టాలే ఎక్కువ.

మా మామయ్య ఆర్టీసీలో కండక్టర్. 28 ఏళ్ల సర్వీస్. అందులో చాలా ఏళ్లు ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే బస్సులోనే చేశాడు. ఉగాది ముందు ఆ రోడ్డు పక్కన నడిచిపోయే కన్నడ జనాన్ని ప్రతి ఏడాదీ కిటికీలోంచి చూసేవాడు. ఒకసారి ఎండకి తూలుతున్న ఒక ముసలమ్మని చూసి బస్సు ఆపించి, "ఎక్కమ్మా, టికెట్ నేను పెట్టుకుంటా" అన్నాడట. ఆమె నవ్వి, దండం పెట్టి, నడుచుకుంటూ వెళ్లిపోయిందట. "ఆ పొద్దు నుంచి నాకు అదే మనసులో ఉండాదిరా అల్లుడూ. ఇన్నేళ్లు అందరికీ శ్రీశైలం టికెట్ కొట్టినా. నేను మాత్రం ఒక్కసారి గూడా నడిచి పోలే. రిటైర్ అయ్యేలోపల పోవాల" అని ఫోన్ చేశాడు.

నేనేం అనుకున్నానో నిజాయితీగా చెప్తా. కంటెంట్ అనుకున్నా. రిటైర్ కాబోతున్న కండక్టర్, ఏడొందల ఏళ్ల దారి, పులుల అడవి. థంబ్‌నెయిల్ కూడా మనసులో రెడీ. "వస్తా మామా" అన్నా వెంటనే. ఆయన అడిగింది తోడు. నేను వెళ్లింది షూటింగ్‌కి.

మొదటి రోజు గురించి ఎక్కువ చెప్పను. వెంకటాపురం నుంచి పెచ్చెరువు దాకా బాగానే జరిగింది. నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర కాసేపు కూర్చున్నాం. సాయంత్రానికి పెచ్చెరువు చేరాం. అక్కడ చెంచు గూడెం ఉంది, చెరువుంది, యాత్రికుల కోసం వేసిన పందిళ్లున్నాయి. ఎవరో దాతలు అన్నం, సాంబారు పెట్టారు. రాత్రి పందిట్లో పడుకుంటే చుట్టూ కన్నడ భజనలు. ఫోన్‌లో సిగ్నల్ చచ్చిపోయి అప్పటికి చాలా గంటలైంది. మామయ్య పక్కవాళ్లతో వచ్చీరాని కన్నడలో మాట్లాడుతూ, ఎవరు ఏ ఊరు, ఎన్ని రోజులైంది బయల్దేరి అని అడుగుతున్నాడు. బస్సులో ప్యాసింజర్లతో మాట్లాడీ మాట్లాడీ నేర్చుకున్న కన్నడ అది. ఆ రాత్రి ఫుటేజ్ చాలా బాగా వచ్చింది.

ఇక రెండో రోజు. ఈ ఎపిసోడ్ అంతా ఆ రోజు గురించే. సోమవారం.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచాం. ఎండ ముదరకముందే భీముని కొలను దాటాలని అందరి ప్లానూ అదే. మామయ్య మొహం కడుక్కుని, విభూతి పెట్టుకుని, జేబులోంచి టాబ్లెట్ తీసి నీళ్లతో వేసుకున్నాడు. నేను చూశా. షుగర్ టాబ్లెట్. ఏడెనిమిదేళ్లుగా వాడుతున్నాడు. పక్కన పందిట్లో ఉప్మా పెడుతుంటే, "నాకొద్దు, సోమవారం, ఒక్కపొద్దు" అన్నాడు. ప్రతి సోమవారం ఆయన పగలంతా ఏమీ తినడు, రాత్రికే భోజనం. నేను మాత్రం ఉప్మా తిన్నా, రెండుసార్లు పెట్టించుకుని. ఇక్కడ ఏం జరిగిందో మీలో కొంతమందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు ఆ క్షణంలో ఏమీ తట్టలేదు. బీటెక్ చదివా, ఐదేళ్లు సర్వర్లు మెయింటైన్ చేశా. టాబ్లెట్ వేసుకున్నాడు, తినలేదు. ఈ రెండు లైన్లు పక్కపక్కన కనిపించినా బగ్ పట్టుకోలేకపోయా.

పొద్దున నడక మాత్రం అద్భుతం. నిజంగా. చీకట్లో టార్చిలైట్ల వరస, ముందు కొండ మీదా వెనక లోయలోనూ. ఆరు దాటాక వెలుగు వచ్చింది. ఆకు రాలే కాలం కదా, అడవి సగం బోసిగా ఉంది. టేకు చెట్ల ఎండుటాకులు కాళ్ల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. అక్కడక్కడా మోదుగ పూలు, నిప్పు పెట్టినట్టు. కొండముచ్చులు కొమ్మల మీద కూర్చుని మా బ్యాగుల వైపే చూస్తున్నాయి. ఆ వెలుగులో షాట్లు తీయడానికి నేను పరిగెత్తుతున్నా. వంద అడుగులు ముందుకు వెళ్లి, వెనక్కి తిరిగి, మామయ్య నడిచి వస్తుంటే తీయడం. మళ్లీ ముందుకు. "మామా, కొంచెం నెమ్మదిగా రా", "మామా, ఇంకోసారి ఆ మలుపు దగ్గర్నుంచి రా". ఆయన పాపం, రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ నడిచాడు. సూర్యుడు లెన్స్‌లోకి సరిగ్గా రాలేదని.

మఠంబావి దాటేసరికి తొమ్మిది కావొస్తోంది. అక్కడ నేను మైక్ పెట్టి, "మామా, ఎలా అనిపిస్తోంది చెప్పు" అని అడిగా. "ఏమనిపిచ్చాల? నడిచ్చాండాం కదా" అని కసిరాడు. మా మామయ్య కసరడు. కండక్టర్‌గా 28 ఏళ్లు చిల్లర గొడవలు పడి కూడా గొంతు పెంచని మనిషి. నేను "ఎండకి చిరాకు" అనుకున్నా. కాసేపటికి మాటలు తగ్గాయి. అడుగులు చిన్నవయ్యాయి. "అలసిపోయాడు" అనుకున్నా. చొక్కా మొత్తం తడిసిపోయింది. అందరి చొక్కాలూ తడిసే ఉన్నాయి కదా అనుకున్నా. ఆఫీసులో ఉన్నప్పుడు డాష్‌బోర్డ్ మీద అలర్ట్ వస్తే, "అది అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుందిలే" అని స్నూజ్ చేసేవాళ్లు ఉండేవారు. వాళ్లని నేనే తిట్టేవాణ్ణి.

భీముని కొలను ఎలా ఉంటుందో చెప్పాలి. దారి ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. రాతిమెట్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. కింద బండల మధ్య నీటి మడుగు. మళ్లీ అవతలివైపు అంతకంటే నిటారుగా వందల మెట్లు ఎక్కితే కైలాసద్వారం. ఈ మొత్తం దారిలో కష్టమైన చోటు అదే. కింద ఉన్నప్పుడు వెనక్కి పోవాలన్నా ఎక్కాల్సిందే, ముందుకి పోవాలన్నా ఎక్కాల్సిందే. బండి రాదు, సిగ్నల్ లేదు.

పదిన్నర ప్రాంతంలో మేం దిగుతున్నాం. నేను ఎప్పట్లాగే ముందు. కిందకి చేరి, ఫోన్ పైకి పెట్టి, మామయ్య మెట్లు దిగే షాట్ తీస్తున్నా. సగం మెట్ల మీద ఆగిపోయాడు. ఒక బండ మీద కూర్చున్నాడు. రికార్డింగ్ ఆన్‌లోనే పెట్టి పైకి వెళ్లా. దగ్గరికి వెళ్లేసరికి ఆయన నా వైపు చూసి, చెయ్యి చాపి, "టికెట్... టికెట్ తీస్కోవాల. వెనకెవరబ్బా, టికెట్" అన్నాడు.

నేను నవ్వా.

జోక్ వేస్తున్నాడనుకున్నా. "మామా, సూపర్, ఇంకోసారి అను" అన్నా. ఆయన మళ్లీ అన్నాడు. ఈసారి మాట ముద్దముద్దగా వచ్చింది. చెయ్యి వణుకుతోంది. కళ్లు నన్ను చూస్తున్నాయి కానీ నేను కనిపిస్తున్నట్టు లేదు. ఆ క్లిప్ మొత్తం 41 సెకన్లు. అందులో 30 సెకన్లు నా నవ్వు వినిపిస్తుంది. తర్వాత "మామా? మామా?" అని. తర్వాత ఫోన్ కింద పడ్డ శబ్దం.

నాకు ఏం చేయాలో తెలియలేదు. గుండెపోటా, వడదెబ్బా? నీళ్లు తాగిద్దామంటే మూత తీయడానికి నా చేతులే వణుకుతున్నాయి. "ఎవరైనా రండి" అని అరిచా, తెలుగులో, ఇంగ్లీషులో, అన్నిట్లో. అప్పుడు వెనక వస్తున్న ఒక కన్నడ గుంపులోంచి ఒక అజ్జి వచ్చింది. మా అమ్మమ్మ వయసుంటుంది. కాళ్లకి చెప్పుల్లేవు, గుడ్డపేలికలు చుట్టుకుంది. ఆమె మామయ్య నుదుటి మీద చెయ్యి పెట్టింది, చెయ్యి పట్టుకుని చూసింది. చల్లగా ఉంది, అంత ఎండలో. నా వైపు తిరిగి ఒకే మాట అడిగింది: "శుగర్ ఐతేన్రి?" షుగర్ ఉందా అని. ఉందని తల ఊపా. ఆమె వెనక్కి తిరిగి వాళ్లవాళ్లకి, "బెల్ల కొడ్రి" అని గట్టిగా చెప్పింది.

ఎవరో మూటలోంచి బెల్లం తీశారు. నిమ్మకాయంత ముక్క. ఆమె ముందు మామయ్య చేత ఒక గుక్క నీళ్లు తాగించి చూసింది. మింగాడు. అప్పుడు బెల్లం చిన్న చిన్న ముక్కలు చేసి నోట్లో పెట్టింది, పసిపిల్లాడికి పెట్టినట్టు. ఇద్దరు మనుషులు తువ్వాలు పట్టుకుని నీడ చేశారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నా. పది నిమిషాలు. ఏమీ మారలేదు. ఇంకో ముక్క. మీకు తెలుసా, ఆ పది నిమిషాల్లో నా బ్యాగులో ఏమున్నాయో నాకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. రెండు పవర్ బ్యాంకులు. గింబల్. రెండు మైకులు. చిన్న ట్రైపాడ్. మూడు మెమరీ కార్డులు. ఒక్క గ్లూకోజ్ ప్యాకెట్ లేదు. ఒక్క చాక్లెట్ కూడా లేదు.

ఇరవై నిమిషాలకి మామయ్య కళ్లు మెల్లగా తేటపడ్డాయి. చుట్టూ చూశాడు. "ఏందిరా, ఇంతమంది నిలబడినారు? ఏమైంది?" అన్నాడు. నేను ఏడ్చేశా. ఆయనకి టికెట్ సంగతి గుర్తే లేదు.

అజ్జి తన మూట విప్పి ఎండు జొన్నరొట్టె తీసి, మీద శనక్కాయల పొడి వేసి ఇచ్చింది. "సోమవారం..." అని నసిగాడు మామయ్య. ఆమె ఏదో అంది కన్నడలో. మామయ్య నవ్వి తినడం మొదలుపెట్టాడు. తర్వాత అడిగితే చెప్పాడు: "నడవడానికి వచ్చినోడివి నడువు, పస్తుండేదానికి ఇల్లు లేదా అనింది" అని. వాళ్లింట్లో ఆమె భర్తకి కూడా ఇలాగే అవుతుందట, అందుకే చూడగానే గుర్తుపట్టింది. ఆమె పేరు అడగలేదు. ఆ కంగారులో ఊరు కూడా అడగలేదు. వాళ్లు మల్లయ్యని తలుచుకుంటూ ముందుకి వెళ్లిపోయారు. వీడియోలో ఆమె లేదు. ఆ రోజు నా కెమెరాలో పడని మనిషి ఆమె ఒక్కతే.

ఇక ఎక్కాలి. గంటన్నర పట్టింది ఆ మెట్లకి. పది మెట్లు, కూర్చోవడం. పది మెట్లు, నీళ్లు. ఈసారి నేను వెనక నడిచా. ఫోన్ బ్యాగులో పెట్టేసి, ఆయన కంటే ఒక మెట్టు కింద. మీరు ఎప్పుడైనా పెద్దవాళ్ల వెనక నడిచారా? ముందు నడిస్తే మనకి దారి కనిపిస్తుంది, వెనక నడిస్తే మనిషి కనిపిస్తాడు. ఆయన ఎడమ మోకాలు ముందు పెట్టి, కుడికాలు లాక్కుంటూ ఎక్కుతాడని నాకు ఆ రోజే తెలిసింది. బస్సులో నిలబడీ నిలబడీ వచ్చిన నొప్పి. పొద్దున్నుంచి నేను తీసిన వీడియోల్లో అది కనిపిస్తూనే ఉంది. తర్వాత చూసుకున్నా.

కైలాసద్వారం దగ్గర మెడికల్ క్యాంప్ ఉంది. గ్లూకోమీటర్‌తో చూశారు. 94. పర్వాలేదు అన్నారు. కానీ, "మీరు వేసుకున్న టాబ్లెట్ పవర్ ఇంకా ఒంట్లో ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. ఇక నడవొద్దు, తింటూ ఉండండి, సాయంత్రం మళ్లీ చూపించుకోండి" అన్నారు. అక్కడి నుంచి రోడ్డుంది. శ్రీశైలానికి ఇక మిగిలింది కొద్ది దూరమే.

ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్న విషయం. ఇంత జరిగాక కూడా, నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటో తెలుసా? "ఇంకొంచెమే కదా మామా. నిదానంగా నడుద్దామా? ఇంతదూరం వచ్చి..." ఆయన మొక్కు గురించి బాధపడుతున్నానని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నా. అబద్ధం. నా మనసులో ఉన్నది వీడియో టైటిల్‌లో 'ఫుల్ ట్రెక్' అనే మాట.

మామయ్య నా మొహం చూశాడు. ఇంకెవరైనా అయితే తిట్టేవాళ్లు. ఆయన మెల్లగా అన్నాడు: "బస్సెక్కి పోయినోళ్లకి దర్శనం కాలేదంటావా? అట్లయితే నేను ఇన్నేళ్లు ఎక్కిచ్చిన జనమంతా ఏం కావాల?" అని, వెళ్లి జీపులో కూర్చున్నాడు. పక్క సీటు మీద చెయ్యి తట్టి, "రా, కూచో" అన్నాడు.

దారిలో హటకేశ్వరం దాటాం. రోడ్డు పక్కన నడుస్తున్న జనం కనిపించారు. మామయ్య కిటికీలోంచి వాళ్లని చూస్తూ కూర్చున్నాడు, 28 ఏళ్లు చూసినట్టే. ఆయనకి ఏమనిపించిందో నేను అడగలేదు. మైక్ పెట్టి అడిగే ప్రశ్న కాదు కదా అది. సాయంత్రం క్యూలో నిలబడి దర్శనం చేసుకున్నాం. అమ్మవారి గుడి దగ్గర కన్నడ ఆడవాళ్లు చీరలు, గాజులు పట్టుకుని నిలబడ్డారు. నేను ఆ జనంలో అజ్జి కోసం వెతికా. కనిపించలేదు.

ఇప్పుడు అసలు ఏమైందో కాస్త వివరంగా చెప్తా. ఆఫీసులో సర్వర్ పడిపోతే తర్వాత పోస్ట్‌మార్టం అని డాక్యుమెంట్ రాస్తాం. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేయాలి అని. ఈ మాట మామయ్యతో అంటే, "బతికుండంగానే పోస్ట్‌మార్టం ఏందిరా నాకు" అన్నాడు. సరే, వేరే పేరు పెట్టుకుందాం.

కారణం ఒకటి. షుగర్ టాబ్లెట్లు అన్నీ ఒకటి కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో షుగర్ మరీ పడిపోవడం అరుదు. కానీ గ్లిమిపిరైడ్ లాంటి టాబ్లెట్లు పాంక్రియాస్ చేత ఇన్సులిన్‌ని ఎక్కువగా విడుదల చేయిస్తాయి, మనం తిన్నా తినకపోయినా. తినకుండా అది వేసుకుంటే ఉన్న షుగర్ కూడా పడిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ ఇదే రిస్క్. మామయ్యది రెండూ కలిసిన టాబ్లెట్.

కారణం రెండు. నడక. కండరాలు షుగర్‌ని వాడేసుకుంటాయి. ఇంట్లో సోమవారం ఒక్కపొద్దు ఉంటే ఏమీ కాలేదు ఆయనకి, ఎందుకంటే ఇంట్లో కూర్చుని ఉంటాడు, లేదా బస్సులో ఉంటాడు. ఇక్కడ కొండలు.

కారణం మూడు. నేను. లక్షణాలన్నీ నా కళ్లముందే వరసగా వచ్చాయి. చిరాకు, నీరసం, చెమట, వణుకు, మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం. ఎండలో అందరికీ చెమట పడుతుంది కాబట్టి కనిపెట్టడం కష్టమే. కానీ ఒళ్లు చల్లగా ఉండి చెమట పడుతుంటే, మనిషి తనలా మాట్లాడకపోతే, ముందు షుగర్ పడిపోయిందేమో అని అనుమానించండి.

ఏం చేయాలి? డాక్టర్లు చెప్పే లెక్క 15-15. రీడింగ్ 70 కంటే తగ్గితే, లేదా మీటర్ లేకపోయినా లక్షణాలుంటే, 15 గ్రాముల గ్లూకోజ్ లేదా పంచదార వెంటనే ఇవ్వాలి. దాదాపు మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి. 15 నిమిషాలు ఆగి చూడాలి. తగ్గకపోతే మళ్లీ అంతే. తేరుకున్నాక అన్నమో రొట్టెనో కడుపుకి పెట్టాలి. బిస్కెట్లు, చాక్లెట్లతో మొదలుపెట్టొద్దు, వాటిలో కొవ్వు ఉంటుంది, షుగర్ లేటుగా ఎక్కుతుంది. గ్లూకోజ్ లేకపోతే మాకు దొరికినట్టు బెల్లం అయినా సరే. ముఖ్యమైనది: మనిషి స్పృహలో లేకపోతే, మింగలేకపోతే, నోట్లో ఏమీ పోయొద్దు, పెట్టొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చెప్పండి, హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. తేరుకున్నా సరే, ఆ రోజు ఒంటరిగా వదలొద్దు.

ఉపవాసం ఉండొద్దని నేను చెప్పను. నాకు ఆ అర్హత లేదు. ఉండేముందు డాక్టర్‌ని ఒక్క మాట అడగండి: "ఆ రోజు టాబ్లెట్ ఎలా వేసుకోవాలి?" అని. మీ అంతట మీరు టాబ్లెట్ ఆపేయొద్దు, అది ఇంకో ప్రమాదం. మామయ్య ఎన్నో ఏళ్లుగా సోమవారాలు ఉంటున్నాడు, ఆ సంగతి డాక్టర్‌కి ఒక్కసారి కూడా చెప్పలేదు. "ఆయన అడగలే, నేను చెప్పలే" అన్నాడు.

ఊరికి వచ్చాక ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అప్పుడు ఆ క్లిప్ బయటికి వచ్చింది. "మాట ఎలా తడబడింది?" అని డాక్టర్‌గారు అడిగితే, ఎలా చెప్పాలో తెలియక ఫోన్ ఇచ్చా. ఆవిడ రెండుసార్లు చూశారు, నా నవ్వుతో సహా. ఏమీ అనలేదు. టాబ్లెట్ మార్చారు. సోమవారాలకి ఒక పద్ధతి రాసిచ్చారు. మామయ్య కూడా అప్పుడే మొదటిసారి చూశాడు. పూర్తిగా చూసి, ఫోన్ నాకిచ్చి, "చూసినావా, అడివిలో గూడా టికెట్ లేకుండా ఎవర్నీ వదల్లే" అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఈసారి ఆయనే ముందు నవ్వాడు కాబట్టి నవ్వా.

ఆ క్లిప్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. డిలీట్ చేయలేదు. పోస్ట్ చేయను. పెడితే వ్యూస్ వస్తాయని నాకు తెలుసు, మీకూ తెలుసు. ఎప్పుడైనా ఎవరి మొహం మీదకో ఫోన్ పెట్టబోతుంటే, ఒకసారి నేనే చూసుకుంటా.

కాబట్టి ఈ ఎపిసోడ్ అయ్యాక మీరు చేయాల్సింది లైక్, షేర్ కాదు. అమ్మకో, నాన్నకో, మామయ్యకో ఫోన్ చేయండి. "నువ్వు వేసుకునే టాబ్లెట్ స్ట్రిప్ ఒక ఫోటో తీసి పంపు" అనండి. పేరు చదవండి. వాళ్లు ఏ వారం ఉపవాసం ఉంటారో మీకు తెలుసో లేదో ఆలోచించండి. నాకు తెలిసే ఉంది, అయినా కనెక్ట్ చేయలేదు.

మొన్న మామయ్య ఫోన్ చేశాడు. వచ్చే ఉగాదికి కైలాసద్వారం దాకా జీపులో పోయి, అక్కడి నుంచి మిగిలిన ముక్క నడుద్దాం అంటున్నాడు. డాక్టర్‌ని అడిగాడట, తిని నడవమన్నారట. "బెల్లం నేను తెస్తా, కెమెరా నువ్వు తేవద్దు" అన్నాడు. సరే అన్నా.

ఉంటా మరి. జాగ్రత్త.